బండ మీది పట్టుపోగులు

నేను పుట్టు పిరికిదాన్ని. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడతాను. ఫోను వేళకాని వేళ మోగితే, తీయకముందే ఎవరికి ఏమైందో ఒక కథ అల్లేసుకుంటాను. అలాంటిదానివి కొండలెక్కి మొక్కలు వెతికే పని ఎందుకు పెట్టుకున్నావే అని అమ్మ అడుగుతూ ఉంటుంది. మొక్కల మీద ఇష్టం ముందు పుట్టింది, భయం తర్వాత వచ్చి చేరింది. తోడికోడళ్ల మాదిరి రెండూ ఒకే ఇంట్లో సర్దుకుంటున్నాయి.

నేనుండేది హిందూపురంలో. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. అమ్మా నాయనా ధర్మవరంలో ఉంటారు. నాయన పట్టుచీరలు నేసేవాడు. రెండు ఊళ్ల నడుమ పెనుకొండ. ఇంటికి పోయి వచ్చేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ కొండను చూసేదాన్ని. అందరూ కోట గోడలు చూస్తారు. నేను ఆ గోడలకు ఆవల ఏనుగు వీపులా కనిపించే నల్లబండలను చూసేదాన్ని. ఒక వానాకాలం ధైర్యం కూడగట్టుకుని ఎక్కాను. అక్కడే ఆ మొక్క కనిపించింది.

దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే పెరికి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఆకులుండవు, వేలెడంత పచ్చని కాడలు. బండ పగుళ్లలో పిడికెడు మట్టి ఉంటే చాలు. మన వైపు పిల్లలు పచ్చిగానే కొరికి తినే కుందేటి కొమ్ములకు ఇది దాయాది. పువ్వు ముదురు ఎరుపు, ఈగలకు నచ్చే కంపు. ఆ తర్వాత జంటకొమ్ముల్లాంటి కాయలు కాస్తాయి. అవి ఎండి పగిలితే ఒక్కో గింజకూ తెల్లని పట్టులాంటి కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. నేను తిరిగిన కొండల్లో ఇది ఒక్క ఆ బండ మీదే ఉంది. తెల్లారి లేస్తే ఉంటుందో లేదో అన్న బెంగ అప్పుడే పట్టుకుంది.

పరదేశంలో ఒక సంఘం ఉంది. మంచుకొండల మీద పెరిగే చిట్టిచిట్టి మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ల సంఘం. అలాంటి మొక్కలను కాపాడేవాళ్లకూ, చదివేవాళ్లకూ, పెంచేవాళ్లకూ ఏటా కొంత గ్రాంటు ఇస్తారు. మా పెనుకొండలో మంచు ఫ్రిజ్జులో తప్ప కనపడదు. అయినా రాశాను. మంచుకొండ అయినా మా నల్లబండ అయినా మొక్క పడే కష్టం ఒకటే కదా అని రాశాను. మట్టి ఉండదు, గాలి ఆగదు, ఎండ కాల్చేస్తుంది, అందుకే అక్కడా ఇక్కడా మొక్క పొట్టిగా, మొండిగా బతుకుతుంది అన్నాను. వాళ్లు ఫోటోలు అడిగారు, ప్రశ్నలు అడిగారు, చివరికి సరే అన్నారు. గింజలు సేకరించాలి, నారు పెంచాలి, ఆ నారును మళ్లీ కొండ మీద నాటాలి. అంతే పని. ఆ మెయిలు చదివి ఎగిరి గంతేయాల్సింది పోయి, ఇక చేసి తీరాలి కదా అని దిగులుపడ్డాను.

ఆ పనిలోకి నాయన తనంతట తానే వచ్చాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని బతుకంతా కూర్చున్న మనిషి. చూపు మందగించాక చీర మీద తప్పులు పడుతున్నాయని మగ్గం ఆపేశాడు. గుంట మీద చెక్కలు పరిచి దాని మీదే పడుకునేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అన్నం ముందు కూర్చుని గోడను చూసేవాడు. ఒక ఆదివారం ఊరికే తోడు రా నాయనా అని కొండకు తీసుకెళ్లాను. ఆయాసపడుతూ ఎక్కి, బండ మీద బోర్లా పడుకుని, నా భూతద్దం లాక్కుని ఆ కాయను ఎంతసేపు చూశాడో! కాయ పగలకముందే కోస్తే గింజ పచ్చిది, పగిలాక వస్తే గాలికి పోతుంది, సన్నని వల సంచులు కడితే గాలికి ఊడిపోతున్నాయి అని నా బాధ చెప్పాను. “దీనికింత ఏడుపెందుకు పాపా,” అన్నాడు. “కాయకు పోగు చుట్టి పెడితే పగల్దు కదా.”

తర్వాతి ఆదివారం ఇంట్లో మిగిలిపోయిన పట్టుపోగులు తెచ్చాడు. ముందు చుట్టిన కాయలకు ఎర్రపోగు, తర్వాత చుట్టిన వాటికి పచ్చపోగు. ఏది ముందు పండుతుందో రంగు చూసి చెప్పొచ్చునని ఆయన లెక్క. నేతపనిలో తెగిన పోగులు అతికేటప్పుడు వేళ్లు జారకుండా కాస్త బూడిద అద్దుకుంటారు. ఆ బూడిద ఒక చిన్న రేకు డబ్బీలో పెట్టుకుని కొండకు కూడా తెచ్చేవాడు. వేళ్లకు అద్దుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కాయకూ పోగు చుట్టి ముడివేసేవాడు. ఆ ముడి చూస్తే నాకు ముచ్చటేసేది. నాయన మళ్లీ అన్నం పెట్టించుకుని తినడం మొదలుపెట్టాడు. అమ్మ నాకు ఫోను చేసి, ఏ మందు పెట్టినావే మీ నాయనకు అని నవ్వింది.

పాతకోట ఉన్న ఊరికి ఒక శాపం ఉంటుంది. రాజులు పాతిపెట్టిన నిధులు ఉన్నాయని ఎవడో ఒకడు గునపం పట్టుకుని వస్తూనే ఉంటాడు. ఆ ఏడాది ఎండలు మొదలయ్యే నాటికి, కొండ వెనక పాడుబడిన గుడిలో ఎవరో తవ్విపోయారు. గుంట పక్కన కోసిన నిమ్మకాయలు, కుంకుమ, రంగు దారాలు కనిపించాయట. పెద్ద నిధికి మనిషి బలి కావాలంటారని, పిల్లలను ఎత్తుకుపోతారని కొండ కింది పల్లెల్లో గుసగుసలు పుట్టాయి. పగటిపూటే పిల్లలను బయటికి పంపడం మానేశారు. ఇవన్నీ నాకు పెనుకొండ బస్టాండులో టీ తాగుతుంటే చెవిన పడ్డాయి. ఎప్పటిలాగే భయపడ్డాను. కానీ ఆ భయాన్ని మా పట్టుపోగుల దగ్గరికి తీసుకుపోవాలని నాకు తట్టలేదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టినదానికి రంగు పోగంటే ఇంట్లో చీపురుకట్ట లాంటిది. దాన్ని చూసి ఎవరైనా జడుసుకుంటారని ఊహ ఎలా వస్తుంది?

ఆ వారం గాలి రేగింది. పోగులు సడలుతాయేమోనని నాయనకు దిగులు. ఆదివారం దాకా ఆగమన్నాను. వింటేగా! నాకు చెప్పకుండా పనిరోజున ధర్మవరంలో పొద్దున్నే బస్సెక్కి ఒక్కడే పెనుకొండ వచ్చి, కొండెక్కేశాడు.

నేను క్లాసులో ఉండగా ఆయన నంబరు నుంచి ఫోను. క్లాసులో తీయను. మళ్లీ మోగింది. బయటికి వచ్చి ఎత్తితే ఎవరిదో మగగొంతు.

“ఈ ఫోను ఆయప్ప నీకేమైతాడమ్మా?”

“మా నాయన. ఏమైంది ఆయనకు?”

“ఇంకా ఏమీ కాలా. నువ్వు రా.” ఊరి పేరు చెప్పి పెట్టేశాడు.

ఆ ‘ఇంకా’ ఏమిటో అడగాలి. తిరిగి చేస్తే ఎత్తలేదు. చాక్‌పీసు చేతిలోనే ఉంది, అలాగే బస్టాండుకు పరిగెత్తాను. పెనుకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చున్నాక అమ్మకు ఫోను చేయబోయి మానుకున్నాను. ఆమెకు ఏం చెప్పను? అనుమతి ఇచ్చిన అటవీశాఖ ఆఫీసుకు చేస్తే సారు ఫీల్డుకు పోయాడన్నారు. పోలీసులకు చేద్దామని నంబరు నొక్కి, మళ్లీ చెరిపేశాను. జీపు వస్తే జనం రెచ్చిపోతే? పోలీసులు ఆయననే నిధుల దొంగ అనుకుంటే? పిరికివాళ్లకు ఇదే తిప్పలు, ప్రతి తలుపు వెనకా ఒక పులి కనిపిస్తుంది. బస్సు సోమందేపల్లిలో ఆగి ప్రయాణికులను ఎక్కించుకుంటుంటే డ్రైవరును కొట్టాలనిపించింది. పక్కనున్న ఆమె నా మొహం చూసి మంచినీళ్ల సీసా ఇచ్చింది. మూత కూడా తీయకుండా ఒళ్లో పెట్టుకున్నాను.

పెనుకొండలో ఆటో ఎక్కి ఊరి పేరు చెప్పగానే ఆటోవాడు అద్దంలోంచి చూశాడు.

“ఆడ నిధుల మంత్రగాన్ని పట్టుకున్నారంట కదా మేడమ్. చూసేకి పోతాండారా?”

నేను ఏదో గొణిగాను.

“ముసిలోడంట. నెత్తురు కక్కేట్ల కొట్టినారంట. మంచి పని చేసినారు. పిలకాయలుండే ఊరు కదా!”

అద్దంలో నా మొహం చూసుకుని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడిస్తే దింపేస్తాడేమోనని భయం. ఆ దారి పొడుగునా ఒకటే మొక్కుకున్నాను. ఆ మొక్కలన్నీ ఎండిపోనీ, గ్రాంటు వెనక్కి పోనీ, నాయన ప్రాణంతో ఉంటే చాలు.

ఊరి మొదట్లోనే పాలకేంద్రం. దాని ముందు జనం. తోసుకుంటూ లోపలికి వెళ్లాను. పాలక్యాన్ల నడుమ ప్లాస్టిక్ కుర్చీలో నాయన కూర్చుని ఉన్నాడు. నెత్తురు లేదు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఒక కాలికి చెప్పు లేదు. ఎడమ చెంప మీద వేళ్ల గుర్తులు. నన్ను చూసి తల దించుకున్నాడు. బతికి ఉన్నాడని తెలిసిన ఆ క్షణంలో పక్కనున్న క్యాను పట్టుకుని నిలబడ్డాను.

బల్ల మీద ఆయన జేబుల్లోంచి తీసినవన్నీ పరిచి పెట్టారు. ఎర్రపోగులు, పచ్చపోగులు, బూడిద డబ్బీ, చిన్న కత్తెర, భూతద్దం, కోసిన జంటకొమ్ముల కాయలు కొన్ని. ఆ బల్ల వైపు చూస్తే నాకే అది మంత్రగాడి సామానులా కనిపించింది. ఏ తప్పూ చేయని మనిషి జేబులో ఇంతకన్నా చెడ్డ సామాను ఉండదు.

ఫోను చేసిన మనిషి నడివయసువాడు, చేతిలో గొర్రెలు తోలే కర్ర. “చెప్పమ్మా,” అన్నాడు. “ఏం చేస్తాండారు మీరు మా కొండ మీద?”

చెప్పాను. బస్సులో కూర్చుని వరసగా కూర్చుకున్న మాటలన్నీ తడబడిపోయాయి. మొక్క సంగతి చెప్పాను, గింజ ఎగిరిపోకుండా పోగు చుట్టిన సంగతి చెప్పాను, ఫోనులో ఫోటోలు చూపించాను. ఎందుకు ఇదంతా అని ఎవరో అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పరదేశంలో ఒక సంఘం ఇలాంటి మొక్కలను కాపాడమని గ్రాంటు ఇస్తుంది అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గది అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

“ఈ గడ్డికి ఫారినోళ్లు దుడ్లిస్తారంటప్పా!”

“శెనక్కాయ పంట ఎండిపోతే మనకెవురూ ఇయ్యల్యా. ఆకుల్లేని మొక్కకు ఇస్తారంట!”

వెనక నుంచి ఒక గొంతు నవ్వకుండా అంది. “అయితే ఆ బండ కింద ఏదో ఉండాది. లేకుంటే అంత దూరం నుంచి ఎందుకిస్తారు?”

నవ్వు ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజం చెప్పినకొద్దీ మునిగిపోతున్నానని అర్థమైంది. వాళ్ల జాగాలో నేనున్నా నమ్మేదాన్ని కాదు. గ్రాంటు మాట విన్నప్పుడు మా కాలేజీవాళ్లే నమ్మలేదు.

కర్ర మనిషి నా దగ్గరికి వచ్చాడు. “నీకన్నా మీ నాయనే మేలు. ఆయప్ప ఒప్పుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాడు?”

“మంత్రం వేసింది తానేనంట. ఆ దారాలు ముట్టుకున్నా, ఆ మొక్కలు పెరికినా వాండ్ల ఇంట్లో దీపం వెలగదంట. మాతోనే చెప్పినాడు.”

నేను నాయన వైపు చూశాను. కాదని చెప్పు నాయనా అన్నాను. బల్ల మీది పోగుల వైపే చూస్తున్నాడు. మతి పోయిందా, కొట్టి చెప్పించారా, ఏమీ తెలియలేదు. భయం ఇంతా అంతా కాదు. ఆయన అబద్ధం చెప్పి ఎరుగడు. పోగు తెగిన చీరను తెగిందనే చెప్పి తక్కువకు ఇచ్చేసిన మనిషి.

“అబద్ధం చెప్పినాడు,” అన్నాను. “మంత్రాలు ఆయనకేం తెలుసు? నేతపని చేసుకునే మనిషి.”

“కట్టినోడే వచ్చి ఇప్పాల,” అన్నాడు కర్ర మనిషి. “ఇప్పమంటే ఇప్పనంటాండాడు.”

“ఊరికే ఇప్పుతాడా? పండ్లు రాలగొడితే మంత్రం పారదు,” అన్నారెవరో. మంత్రగాడి పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని ఒక నమ్మకం. చిన్నప్పుడు అవ్వ చెబితే విన్నాను, కథనుకున్నాను. ఇప్పుడు ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. జనం కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒకడు లోపలికి వచ్చి బల్ల మీద కటింగ్ ప్లేయరు పెట్టాడు. ఇనుము బల్లకు తగిలిన ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను నాయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. ధైర్యంతో కాదు. ఇంకేం చేయాలో తోచలేదు. చేతులు వెనక్కి పెట్టి ఆయన భుజాలు పట్టుకున్నాను, అంతే. ఆయన చేతులు కూడా నా చేతుల మీద పడ్డాయి. మంచుగడ్డల్లా ఉన్నాయి.

అప్పుడు గుమ్మంలో ఒక ఆడమనిషి గొంతు. “మా ప్లేయరు యాడబ్బా? అడక్కుండా తెచ్చేస్తారా? తట్టలకు తీగ చుట్టేది సగంలో ఆగిపోయినాది. పురుగులు మూడో తూరి పొర విడిచి నిద్ర లేస్తాండాయి, ఆకు యాడ వేసేది నేను?”

పట్టుపురుగులు పెంచే రైతు ఇంటామె అని మాటల్లోనే తెలిసింది. మల్బరీ ఆకుల పసరు చేతులకు అంటి ఉంది. బల్ల మీద ప్లేయరు తీసుకోబోయి, పక్కనున్న పోగుల మీద చూపు ఆగింది. ఎవరో ముట్టుకోవద్దక్కా అని కేక వేశారు. ఆమె అప్పటికే ఒక ఎర్రపోగు తీసి వేళ్ల నడుమ నలిపింది.

“ఇది పట్టు కదా,” అంది. “మంత్రగానికి పట్టెందుకు? వాండ్లు పసుపుదారం కడతారు.”

“పట్టైతే ఇంకా గట్టి మంత్రమేమో,” అన్నాడు ప్లేయరు తెచ్చినవాడు.

“నీ తలకాయ! హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తీసకపోయేదాన్ని నేను. నాకు చెప్తావా?” నాయన వైపు తిరిగింది. “ఏమప్పా, నువ్వు మగ్గం మనిషివేనా?”

నాయన తలూపాడు.

ఆమె ఆ ఎర్రపోగును పుటుక్కున రెండు ముక్కలు చేసింది. “మా ఆడబిడ్డ ధర్మవరంలో పోగులు అతికే పని చేస్తాది. ఇది అతుకప్పా, చూస్తాం. అతుకు పడితే ఈయప్ప నేతాయప్ప. పడకపోతే మీ ఇష్టం, మీరేమన్నా చేసుకోండి.”

చూపు సరిగ్గా లేదని మగ్గం మానేసిన మనిషి. సన్నని పోగు కొసలు రెండూ ఆయన వేళ్లలో పెట్టింది. ఒకసారి జారాయి. నేల మీద పడిన కొసను వెతుక్కోలేక తడుముతుంటే నేనే తీసి ఇచ్చాను. మళ్లీ జారింది. జనంలో ఎవరో నవ్వారు.

“ఆ బూడిద ఇయ్యండి,” అన్నాడు నాయన. నేను వచ్చాక ఆయన నోరు తెరవడం అదే మొదలు.

డబ్బీ మూత తీయగానే ముందు వరసవాళ్లు వెనక్కి తగ్గారు, వెనకవాళ్ల కాళ్లు తొక్కారు. ఆయన ఎవరినీ చూడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కళ్లతో పని లేదని అప్పుడు అర్థమైంది నాకు. రెండు కొసలూ పక్కపక్కన చేర్చి, వేళ్ల నడుమ ఒక్క మెలి తిప్పి, వెనక్కి మడిచి నలిపాడు. తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లాగింది. ఇంకా గట్టిగా లాగింది. పోగు ఇంకోచోట తెగింది కానీ అతుకు ఊడలేదు.

“చూసినారా?” అంది. అందరికీ చూపించబోతే, ముట్టుకోవడానికి ఎవరూ చేయి చాపలేదు. “ఇంత పనికి ముసిలాయన మింద చెయ్యి చేసుకున్నారు. సిగ్గుల్యా మీకు?”

కర్ర మనిషి నాయన వైపు తిరిగాడు. “మరి మంత్రమని ఎందుకు చెప్పినావప్పా?”

“భయంతో నోటికొచ్చింది చెప్పినా,” అన్నాడు నాయన.

అందరూ ఒక్కసారిగా మారిపోలేదు. గొణుగుడు ఆగలేదు. పోలీసులకు చెప్పాం, వాళ్లు వచ్చేదాకా ఉంచుదాం అని ఒకరన్నారు. తీరా చూస్తే ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఈలోపు ఏం జరిగినా అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరన్నమాట. సాయంత్రం పాలు పోసేవాళ్లు క్యాన్లతో వచ్చి గదిలో చోటు లేదని గొడవ మొదలుపెట్టారు. ఆమె ప్లేయరు నడుముకు దోపుకుని, కాయలూ డబ్బీ నా చేతుల్లో పెట్టి, పోండమ్మా, ఇంక ఆలస్యం చేయకుండా బిన్నా పోండి అంది. ఆమెకు దండం పెట్టానో లేదో కూడా గుర్తులేదు. ఒక్క చెప్పుతో కుంటుతున్న నాయనను పట్టుకుని రోడ్డు దాకా వచ్చాను. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూడడానికి కూడా భయమే.

ధర్మవరం బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

“అంత భయపడితే నిజమే చెప్పి ఉండొచ్చు కదా నాయనా? మంత్రమని ఎవరైనా అంటారా? పళ్లు ఊడబెరికేవాళ్లు!”

నాయన కిటికీ వైపు తిరిగి అన్నాడు.

“నిజమే చెప్పినా పాపా మొదట. మా బిడ్డ చదువు మొక్కలని చెప్పినా. నమ్మల్యా. ఇద్దరు పెట్రోలు డబ్బా తెచ్చుకున్నారు, బండ మింద పోసి కాలుస్తామని లేసినారు. కాళ్లు పట్టుకున్నా. వినల్యా. అప్పుడు చెప్పినా, ముట్టుకుంటే మీ ఇంట్లో దీపం వెలగదని. డబ్బా ఆడనే పెట్టేసినారు.”

“నిన్ను చంపుంటే?”

“ఆ మొక్క ఉండేది ఆ ఒక్క బండ మిందనే కదా అంటివి,” అన్నాడు. చెంప వాచి మాట సరిగ్గా రావడం లేదు. నేను ఆయన చేయి పట్టుకుని ధర్మవరం దాకా వదల్లేదు. నాయనా, నీకంటే నాకు ఏ మొక్కా ఎక్కువ కాదు అని చెప్పాలనుకున్నాను. చెప్పాను కూడా. బస్సు హోరులో విన్నాడో లేదో తెలియదు.

ఆ తర్వాత నాయన పెనుకొండ పేరెత్తలేదు. ఇప్పటికీ గుమ్మం దగ్గర ఎవరైనా గట్టిగా పిలిస్తే లేచి లోపలికి వెళతాడు. తిండి మాత్రం మానలేదు, అది చాలనుకుంటాం అమ్మా నేనూ.

ఆ ఎండాకాలం, కొత్త గడ్డి రావాలని గొర్రెలవాళ్లు ఎప్పటిలాగే కొండకు నిప్పు పెట్టారు. మసి నల్లగా పాకింది కానీ మా బండ చుట్టూ గడ్డి అలాగే ఉంది. అటువైపు ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. గొర్రెలు రాలేదు, కట్టెలు కొట్టేవాళ్లు రాలేదు. నాయన మాట అబద్ధమని నమ్మినవాళ్లు మమ్మల్ని వదిలేశారు. నమ్మనివాళ్లు ఆ బండను వదిలేశారు. హిందూపురంలో మా మిద్దె మీద మొలిచిన నారును వానలు పడ్డాక తీసుకెళ్లి నాటాను. నాటినవి నాటినట్టు బతికాయి. సంఘంవాళ్లకు ఎంత సంతోషమో. మేతా మంటా సోకకుండా ఎలా కాపాడారు, ఆ పద్ధతి ఏమిటో చెబితే వేరే కొండల వాళ్లకూ చెబుతాం అని అడిగారు. రెండు వారాలు ఆలోచించి, చుట్టుపక్కల జనం సహకారం అని ఒక్క ముక్క రాశాను.

మొన్న మళ్లీ ఒక్కదాన్నే వెళ్లాను. కొత్త మొక్కలు పూతకు వచ్చాయి. వంగి చూస్తుంటే కింది వాలులో గొర్రెల మెడగంటలు వినిపించాయి. ఒక ఆడమనిషి మందను తోలుకుంటూ పైకి వస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది. ఆ దూరం నుంచే ఆమె మొహం నాకు కనిపించింది. ఆ మొహం నాకు తెలుసు. ఆరోజు ఆటో అద్దంలో నేను చూసుకున్న నా మొహం అది. కొంగు తల మీదికి లాక్కుని, గొర్రెలను అదిలించి, తడబడే అడుగులతో వెనక్కి తోలుకుపోతోంది.

ఏమీ లేదక్కా, రా, వచ్చి చూడు అని పిలవడానికి చేయి ఎత్తాను. ఆమె వచ్చి చూస్తే, రేపు మంద వస్తుంది. ఎత్తిన చేయి దించుకున్నాను. కానీ ఈ భయం ఇలాగే ఉంటే, రేపు ఆమె మందలో ఒక గొర్రెపిల్ల చనిపోయినా ఊరు ఎవరి పేరు చెబుతుందో నాకు తెలుసు. ఆమె కనుమరుగయ్యేదాకా కదలకుండా నిలబడి, తర్వాత దిగడం మొదలుపెట్టాను. రోడ్డు మీదికి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.